డ్రోన్‌తో చేపలు పట్టవచ్చా?

సెలవులకు విదేశాల నుంచి వచ్చే మనవలు కెమెరా డ్రోన్ తెస్తామంటున్నారని, దానితో పళవేర్కాడు (పులికాట్) సరస్సులో గాలం వేయవచ్చా అని తిరువళ్లూరు, తిరుత్తణి సభ్యులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. మాకు తెలిసినంత చెబుతాం.

ఎర కట్టిన గాలపు దారాన్ని డ్రోన్ మోసుకెళ్లి దూరంగా నీళ్లలో వదులుతుంది. చేపను లాగేది ఒడ్డునున్న మనిషే. దక్షిణాఫ్రికాలో ఇది బాగా వ్యాపించింది. చివరికి చట్టవిరుద్ధమని 2022లో అక్కడి కోర్టు తేల్చింది.

మనకు తేవడమే మొదటి చిక్కు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. ఇక్కడ కొన్నదైనా 250 గ్రాములు దాటితే నమోదు చేయాలి. ‘డిజిటల్ స్కై’ పటంలో ఎరుపు రంగున్న చోట కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు. పళవేర్కాడు పక్షుల అభయారణ్యం, పక్కనే శ్రీహరికోట. కాబట్టి ముందు పటం చూడాలి, అటవీ శాఖను అడగాలి.

చిన్న డ్రోన్ బరువు మోయడానికి చేసింది కాదు. ఎర బరువుకు, ఎదురుగాలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఉప్పునీట పడితే ఇక పనికిరాదు.

అన్నిటికన్నా పెద్ద మాట ఇంకొకటి. సరస్సులో ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో మత్స్యకారులు వంతులు పెట్టుకుంటారు. దాన్ని ‘పాడు’ అంటారు. డ్రోన్ కెమెరాకు నీళ్లు కనిపిస్తాయి గాని, ఆ వంతు ఎవరిదో కనిపించదు. మన సరదా వారి ఆ రోజు కూటికి అడ్డం కాకూడదు.

మనవలకు ముచ్చటైతే, అక్కడి వారిని అడిగి ఒడ్డునే మామూలు గాలం వేయించండి.