ఉగాదికి ఇంటి నడుమ పూల తాంబాళం – మన చేను పూలతో, ఫోమ్ ముక్క లేకుండా

హోళీ పోయి ఉగాది, శ్రీరామనవమి, ఆ వెంటనే పెళ్లిళ్లు – సిద్దిపేట చుట్టుపక్కల ఇళ్లలో పూలకు గిరాకీ ఉండే రోజులు ఇవి. ఈ మధ్య చిన్న ఫంక్షన్ అయినా బల్ల నడుమ ఒక పూల అలంకరణ పెడుతున్నరు. ఈవెంట్ వాళ్లు దాన్ని సెంటర్‌పీస్ అంటారు. పేరు కొత్తది గానీ పని మనకు కొత్తది కాదు. తాంబాళంలో వరుస మీద వరుసగా పూలు పేర్చడం మన ఇళ్లలో ఆడపిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, బతుకమ్మ దగ్గర చూసి వాళ్లే నేర్చుకుంటారు. ఆ చేతి పనినే వసంత కాలంలో దొరికే పూలతో ఎట్లా చేయాలో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. వీడియోలో చేతులు ఎట్లా కదులుతున్నాయో చూడండి, కొలతలు, కారణాలు ఇక్కడ చదవండి.

ఈ కాలంలో మన దగ్గర ఏమేం దొరుకుతాయి?

బతుకమ్మ నాటి గునుగు ఇప్పుడు ఉండదు. చామంతి చలితోనే తగ్గిపోతుంది. అందుకని ఫాల్గుణ, చైత్ర మాసాల్లో మనకు అందేవి వేరు:

– బంతి: యాసంగిలో నాటిన ముద్దబంతి, చిన్న రెక్కల బంతి. అలంకరణకు అసలు బలం ఇదే.
– లిల్లీ (నేలసంపెంగ): కాడతో సహా కోస్తే ఎత్తు ఇస్తుంది, సాయంత్రం వాసన ఇస్తుంది.
– మోదుగ: గుట్టల మీద, చేను గట్ల మీద నిప్పు రంగులో పూస్తుంది. కొమ్మలు విరచొద్దు. పొద్దుగాల చెట్టు కింద రాలినవే ఏరుకుంటే సరిపోతాయి.
– పొద్దుతిరుగుడు, కుసుమ: యాసంగి పంటగా వేసినవాళ్ల గట్టు వరుస నుంచి నాలుగు పూలు.
– మల్లె: మార్చి చివరికి మొదలై ఎండలు ముదిరేకొద్దీ పెరుగుతుంది.
– ఆకులు: రావి చిగురు రాగి రంగులో, కానుగ లేత ఆకు మెరుస్తూ, మామిడి ఆకు ఎప్పటిలాగే. మామిడి పూత మాత్రం తెంపొద్దు. ఒక్కో గుత్తి పోతే ఆ మేర కాయ పోయినట్టే.
– వరి, జొన్న, సజ్జ కంకులు: ఎండినవైనా పనికొస్తాయి. పూలు వాడినా ఇవి వాడవు.

వేప పూతను అలంకరణలో వాడినా, ఉగాది పచ్చడికి తీసేది మాత్రం వేరుగా పెట్టండి. తినేది కాబట్టి రోడ్డు దుమ్ము పడే చెట్టుది, మందు కొట్టిన చేను పక్క చెట్టుది వద్దు.

ఉగాదికి పూయాలంటే ఎప్పుడు నారు పోయాలి?

ఉగాది తేదీ ఏటా మారుతుంది. 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19, 2027లో ఏప్రిల్ 7. కాబట్టి "పోయిన ఏడు వేసిన రోజే వేస్తా" అంటే లెక్క తప్పుతుంది. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. బంతి నారుకు 25–30 రోజులు, నాటిన తర్వాత మంచి కోత అందడానికి 50–60 రోజులు. అంటే మొత్తం 75–90 రోజులు. చలిలో నారు నిదానంగా ఎదుగుతుంది కాబట్టి 90 రోజులే పట్టుకోండి. 2027 ఉగాదికి అయితే జనవరి మొదటి వారంలో గింజ నేలలో పడాలి. ఒకేసారి కాకుండా పది రోజుల తేడాతో రెండు దఫాలు పోస్తే శ్రీరామనవమికీ, పెళ్లిళ్లకూ పూలు ఉంటాయి. ఇంకొక మాట – కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది. ఆ వారాలకు కూడా బంతి కావాలనుకుంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి.

బంతికి వేరే చేను అక్కర్లేదు. టమాట, మిరప చుట్టూ ఎర పంటగా వేసిన వరుస చాలు. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు బంతి పూల మీద గుడ్లు పెడుతుంది. మనం పూలు కోసినప్పుడల్లా ఆ గుడ్లు కూడా చేను దాటి పోతాయి. బంతి వేర్ల నుంచి వచ్చే పదార్థం నులిపురుగులను అణచివేస్తుంది. అంటే ఇది అలంకరణ కోసం చేసే పని ఒక్కటే కాదు, పంటకు కాపలా కూడా. జీవామృతం మామూలుగానే నేలకు పారించండి – ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మట్టి గుప్పెడు. కానీ కోతకు నాలుగైదు రోజుల ముందు నుంచి పూల మీద మాత్రం జీవామృతం గానీ నీమాస్త్రం గానీ పిచికారీ చేయొద్దు. మరకలు పడతాయి, వాసన ఉంటుంది. అన్నం తినే బల్ల మీద పెట్టే పూలు ఇవి.

కోయడం – సగం పని ఇక్కడే

పూలు పొద్దున మంచు ఆరకముందు, ఎండ ఎక్కకముందు కోయాలి. రాత్రంతా వేరు తాగిన నీళ్లు అప్పుడు కాడ నిండా ఉంటాయి. మధ్యాహ్నం కోసిన పువ్వు అప్పటికే దాహంతో ఉంటుంది, ఎన్ని నీళ్లలో పెట్టినా సాయంత్రానికి తల వాలుస్తుంది.

ఏ పువ్వు ఎప్పుడు కోయాలో కూడా తేడా ఉంది. బంతి పూర్తిగా విచ్చుకున్నాకే కోయాలి, మొగ్గలో కోస్తే తర్వాత విచ్చుకోదు. లిల్లీ కాడలో అడుగు రెండు మూడు పూలు విచ్చుకున్నప్పుడు కోస్తే మిగతావి ఇంట్లో వరుసగా విచ్చుకుంటాయి. పొద్దుతిరుగుడు పసుపు రెక్కలు అప్పుడే తెరుచుకుంటున్నప్పుడు, మల్లె మొగ్గగా ఉన్నప్పుడు.

కాడతో ఉన్న పూలకు ఇవి పాటించండి:

1. పదునైన కత్తితో ఏటవాలుగా కోయండి. చేత్తో విరిస్తే కాడ నలిగి నీళ్లు ఎక్కే గొట్టాలు మూసుకుపోతాయి.
2. బకెట్ నీళ్లు చేను దగ్గరికే తీసుకుపోండి. కోసిన వెంటనే ముంచకపోతే కాడలోకి గాలి బుడగ దూరుతుంది.
3. ఇంటికి వచ్చాక కాడను నీళ్లలోనే ఉంచి ఒక అంగుళం మళ్లీ కోయండి. ఆ గాలి బుడగ పోతుంది.
4. నీటిలో మునిగే ఆకులన్నీ తీసేయండి. అవి కుళ్లితే సూక్ష్మజీవులు పెరిగి కాడను మూసేస్తాయి.
5. నీడలో రెండు మూడు గంటలు ఉంచాకే అలంకరణ మొదలుపెట్టండి.

లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా చక్కెర, అర చెక్క నిమ్మరసం కలిపితే పూలు ఇంకొంత కాలం నిలుస్తాయి. చక్కెర పువ్వుకు తిండి, పులుపు సూక్ష్మజీవులను ఆపుతుంది. ఒక్క చక్కెరే వేస్తే నీళ్లు తొందరగా పాడవుతాయి. ఈ పుల్ల నీళ్లు మట్టి కుండలో, గాజు పాత్రలో పోయండి, ఇత్తడి, రాగి పాత్రల్లో వద్దు.

ఎర పంట నుంచి కోసిన బంతిలో పురుగు దాక్కొని ఉండొచ్చు. పూలను పది నిమిషాలు నీళ్లలో వేసి, దులిపి, గుడ్డ మీద ఆరబెట్టండి.

పచ్చ ఫోమ్ ఎందుకు వద్దు?

డెకరేషన్ వాళ్లు కాడలు గుచ్చే పచ్చటి మెత్తటి ఇటుక మీరు చూసే ఉంటారు. 1954లో అమెరికాలో పుట్టింది అది. నీళ్లు పీల్చుకుంటుంది, పని తేలిక. కానీ అది ప్లాస్టిక్. మట్టిలో కలవదు, పొడిపొడి అయిపోయి సన్నటి ప్లాస్టిక్ రేణువులుగా నేలలో, నీళ్లలో మిగిలిపోతుంది. వానపాముల కోసం ఇన్నేళ్లు నేలను బాగుచేసుకొని, పండుగ మర్నాడు ఆ ముక్కను పెంటకుప్ప మీద వేస్తే మన చేతులతో మనం ప్లాస్టిక్ చల్లినట్టే.

దాని బదులు మన దగ్గర ఉన్నవి:

– అరటి బోదె: గెల తీసేసిన చెట్టుది. నాలుగు వేళ్ల ఎత్తున అడ్డంగా కోసి పళ్లెంలో పెట్టండి. దాని పొరల నిండా నీళ్లే, గుచ్చిన కాడ కదలదు. గట్టి పుల్లతో ముందు చిల్లు చేసి ఆ తర్వాత పువ్వు గుచ్చాలి.
– తడి ఇసుక: మట్టి గిన్నెలో మూడొంతులు నింపితే కంకులు, లిల్లీ నిలబడతాయి.
– వరిగడ్డి ముద్ద: గట్టిగా చుట్టి కుండ మూతిలో ఇరికిస్తే కాడలు ఒరిగిపోవు.

మూడు రకాల అలంకరణ

ఒకటి, నీళ్ల గంగాళం. అన్నిటికన్నా తేలిక. వెడల్పాటి ఇత్తడి గంగాళంలో గానీ మట్టి గోలెంలో గానీ మూడొంతుల నీళ్లు పోయండి. అంచు వెంట బంతి రెక్కల వరుస, లోపల మోదుగ పూలు, నడుమ రెండు మూడు ముద్దబంతులు. మోదుగ ఒక్క రోజు పువ్వు, మర్నాడు మార్చాలి. గడప పక్కన పెట్టడానికి బాగుంటుంది.

రెండు, పేర్చిన తాంబాళం. అడుగు వెడల్పు తాంబాళం గానీ వెదురు సిబ్బి గానీ తీసుకోండి. అడుగున మోదుగ ఆకులు పరచండి. మొదటి వరుసకు ముద్దబంతి పద్నాలుగు పట్టవచ్చు, రెండో వరుసకు పదకొండు, మూడో దానికి ఎనిమిది, నాలుగో దానికి అయిదు, పైన ఒకటి. మొత్తం ముప్పై తొమ్మిది పూలు, అర కిలో లోపే. ప్రతి వరుస లోపలి ఖాళీని తరిగిన ఆకుతో, పనికిరాని కాడలతో గట్టిగా నింపుతూ పోవాలి. నడుమ బోలుగా ఉంటే గంటలోనే కుంగిపోతుంది. ఎత్తు జానెడు దాటొద్దు. బల్లకు అటు పక్క కూర్చున్నవాళ్ల ముఖం కనబడాలి కదా. వరుసల మధ్య కానుగ ఆకో రావి చిగురో పెడితే రంగు లేస్తుంది. పండుగ పూట పేర్చేటప్పుడు ఇది బతుకమ్మ కాదని గుర్తుంచుకొని ఆకారం గుండ్రంగా, పొట్టిగా ఉంచండి. బతుకమ్మకు దాని రోజులు దానికున్నాయి.

మూడు, కంకుల కుండ. చిన్న మట్టి కుండలో తడి ఇసుక, అందులో వరి కంకులు, జొన్న కంకి, నాలుగు లిల్లీ కాడలు, రెండు పొద్దుతిరుగుడు పూలు. వారం తర్వాత పూలు తీసేసి కంకులు పిచ్చుకలకు వేలాడదీయండి.

ఉగాది రోజు అరటి, మామిడి పండ్లు పూల పక్కనే పెట్టడం మనకు అలవాటు. మాగుతున్న పండు ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది, దానితో చాలా రకాల పూలు తొందరగా వాడతాయి. పూజ అయ్యాక పండ్ల బుట్టను వేరే చోటికి జరపండి.

ఇది మాత్రం మర్చిపోవద్దు

గన్నేరు – ఎరుపైనా, పచ్చ గన్నేరైనా – అన్నం బల్ల మీద, చిన్నపిల్లలకు అందే చోట పెట్టొద్దు. ఆకు, పువ్వు, గింజ, పాలు అన్నీ విషమే. గుండె మీద పనిచేస్తుంది. దేవుడికి వేసిన గన్నేరు పూలను, ఆకులను కూడా పశువుల గాడిలో వేయొద్దు. కొద్దిపాటి ఆకు కూడా పశువు ప్రాణం తీయగలదు. జిల్లేడు, ఉమ్మెత్త, తలంబ్రాల చెట్టు కూడా ఇదే లెక్క. "పూలే కదా, ఆవు తింటది" అని పడేసే ముందు ఏం పూలో చూడాలి.

గుండుసూదులు, తీగలు, థర్మాకోల్ వాడొద్దు. గడ్డితో పాటు సూదిని పశువు మింగితే అది కడుపు గోడను పొడిచి గుండె దాకా పోగలదు. కట్టాలంటే అరటి నార, నూలు దారం వాడండి.

గంగాళంలో నీళ్లు రోజూ మార్చండి. వారం దాటి నిలవ ఉంటే డెంగ్యూ దోమ అందులోనే పెరుగుతుంది.

అయిపోయిన తర్వాత

అరటి బోదె, ఆకులు, బంతి, గడ్డి – అన్నీ పెంటకుప్పకే. విషపు మొక్కలు ఉంటే పశువులు ముట్టని గుంటలో వేయండి. మోదుగ పూలు నీడలో ఎండబెట్టి పెట్టుకుంటే వచ్చే హోళీకి రంగు. రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున మరిగిస్తే నారింజ పసుపు వస్తుంది. దేశవాళీ బంతి అయితే చెట్టు మీదే ఎండిన పూల నుంచి విత్తనం తీసుకోండి. హైబ్రిడ్ విత్తనం అదే పువ్వు ఇవ్వదు.

అమ్మకం గురించి ఒక మాట

పండుగ ముందు రోజు పూల ధర ఎక్కుతుంది, మర్నాడు కింద పడుతుంది. బస్తాల్లో నింపి హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపితే ఆ ధర మన చేతిలో ఉండదు. పేర్చిన తాంబాళంగా ఊళ్లోనే ఆర్డర్ మీద అమ్మితే ధర మనం చెప్పవచ్చు. చెప్పేటప్పుడు నాలుగు లెక్కలు కలపండి: పూలు ఆ రోజు మార్కెట్ ధరకు, ఇంట్లో ఆడవాళ్లు పేర్చిన గంటలకు కూలి, బండి కిరాయి, తాంబాళానికి తిరిగి ఇచ్చే డిపాజిట్. రెండోది చాలామంది వదిలేస్తారు. "ఇంట్లో పనే కదా" అని కూలి కలపకపోతే పువ్వు ధరకే చేతిపనిని ఊరికే ఇచ్చినట్టు. మొదటిసారి అయిదు ఆర్డర్లకు మించి ఒప్పుకోవద్దు, ఎందుకంటే పేర్చే పని అంతా పండుగ ముందు రాత్రే పడుతుంది.

చేనులో పూలన్నీ కోసేయకండి. ప్రతి వరుసలో కొన్ని తేనెటీగలకు వదలండి, పక్కనున్న పొద్దుతిరుగుడు గింజ కట్టేది వాటి వల్లే.

మీ ఊళ్లో ఈ కాలంలో ఇంకేం పూలు పూస్తాయి, వాటిని ఏ పేరుతో పిలుస్తారు, ఎన్ని రోజులు నిలుస్తాయి – వీడియో కింద రాయండి. తోటి రైతులకు పనికొస్తుంది.