శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేతిరాత బోర్డింగ్ పాస్‌లు.. కారణం ఒక్క లెక్క తేడా! లినక్స్‌లో పాత కోడ్‌ను అందుకే మారుస్తున్నారా?

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ల ముందు క్యూలు పెరిగిపోయాయి. సిస్టమ్‌లు మొరాయించడంతో సిబ్బంది బోర్డింగ్ పాస్‌లను పెన్నుతో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడి చేతిరాత పాస్ ఫొటో సోషల్ మీడియాలో వైరల్ అయింది. ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఇది హ్యాకర్ల పని కాదు. ఒక చిన్న లెక్క తేడా.

అసలేం జరిగింది?

ఆ రోజు మన టైమ్ ప్రకారం ఉదయం 9.39 గంటలకు క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఓ అప్‌డేట్ పంపింది. 10.57కి వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే నష్టం జరిగిపోయింది. అప్‌డేట్ 21 విలువలు ఉంటాయనుకుంది. కోడ్ అందించింది 20 మాత్రమే. లేని 21వ దాని కోసం ప్రోగ్రామ్ అర్రే హద్దు దాటి చదివింది. అర్రే అంటే మెమరీలో పక్కపక్కనే పేర్చిన గళ్ల వరుస.

మామూలు యాప్ ఇలాంటి తప్పు చేస్తే ఆ ఒక్క యాప్ మూతపడుతుంది. కానీ ఈ కోడ్ నడిచేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో. అందుకే మొత్తం మెషీన్ బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయింది.

ఇది విండోస్ కథ. అయితే అర్రే హద్దులు దాటే తప్పులు లినక్స్‌లోనూ వస్తాయి. వాటిని ముందే పట్టుకునేందుకు అక్కడ కొన్నేళ్లుగా పెద్ద రిపేర్ సాగుతోంది. అందులో సర్వర్ల డిస్కులను నడిపే స్టోరేజీ డ్రైవర్లది ముఖ్యమైన వాటా.

'1' అని రాసి.. వందలు నింపేవారు!

డిస్కుల కంట్రోలర్ నుంచి డ్రైవర్‌కు సమాచారం వస్తుంది. ముందు కొన్ని వివరాలు, ఆ తర్వాత డ్రైవ్‌ల జాబితా. ఆ జాబితాలో ఎన్ని ఉంటాయో ముందుగా తెలియదు. 1999కి ముందు సి భాషా ప్రమాణంలో దీన్ని చెప్పే పద్ధతే లేదు. దాంతో ప్రోగ్రామర్లు స్ట్రక్చర్ చివర '1' సైజుతో అర్రే రాసి, మెమరీ మాత్రం ఎక్కువ తీసుకునేవారు. కొందరు '0' అని రాసేవారు. 1999లో వచ్చిన సి99 ప్రమాణం దీనికి సరైన దారి చూపింది. సైజు రాయకుండా బ్రాకెట్లు ఖాళీగా వదిలేయడమే. దీన్నే ఫ్లెక్సిబుల్ అర్రే అంటారు. అయినా పాత కోడ్ అలాగే ఉండిపోయింది.

దీంతో ఇబ్బందేంటి?

ఫంక్షన్ హాల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడనుకుందాం. లిస్టులో 'ఒక్కరు' అని ఉంటుంది, వచ్చేది కుటుంబమంతా. ఇలాంటివి ఎక్కువైతే ఆయన లెక్క చూడటమే మానేస్తాడు. కంపైలర్ కూడా అంతే. స్ట్రక్చర్ చివర ఉన్న అర్రే సైజు 1 అయినా, 16 అయినా 'పెరుగుతుందిలే' అనుకుని హద్దు చూడటం వదిలేసేది. నిజంగా 16 దాటకూడని అర్రేకు కూడా కాపలా లేకుండా పోయింది.

హద్దు దాటి చదివితే మెషీన్ ఆగిపోవచ్చు, కనీసం విషయం బయటపడుతుంది. హద్దు దాటి రాస్తే పక్కనున్న డేటా చప్పుడు లేకుండా చెడిపోవచ్చు. స్టోరేజీ డ్రైవర్లలో భయమంతా దీని గురించే.

ఒక్క అక్షరం మారిస్తే సరిపోదా?

సరిపోదు. పాత పద్ధతిలో స్ట్రక్చర్ సైజులోనే ఒక గడి కలిసి ఉండేది. అందుకే 64 గళ్లు కావాలంటే అదనంగా 63కే మెమరీ అడిగేవారు. అంటే 'మైనస్ 1' లెక్క. బ్రాకెట్లు ఖాళీ చేశాక ఆ మైనస్ 1ను తీసేయకపోతే ఒక గడి తక్కువవుతుంది. అప్పుడు రిపేరే కొత్త తప్పు తెచ్చిపెడుతుంది! అందుకే ఆ స్ట్రక్చర్ సైజు వాడిన ప్రతి చోటా లైన్ లైన్ చూసుకోవాలి. ఈ లెక్కను చేత్తో వేయకుండా చేసే మాక్రో కూడా లినక్స్ కెర్నల్‌లో ఉంది.

కీస్ కుక్, గుస్టావో సిల్వా వంటి డెవలపర్లు ఈ పనిలో ముందున్నారు. రెయిడ్ కార్డులను నడిపే మెగారెయిడ్, ఆక్‌రెయిడ్ వంటి డ్రైవర్లలో ఈ మార్పులు జరిగాయి. 2023లో వచ్చిన లినక్స్ 6.5 నుంచి కెర్నల్ మొత్తానికీ కఠిన నిబంధన పెట్టారు. ఖాళీ బ్రాకెట్లు ఉంటేనే 'పెరిగే అర్రే'. నంబర్ రాస్తే అదే హద్దు.

ఇప్పుడేం చేస్తున్నారు?

ఖాళీ బ్రాకెట్లు పెడితే ఎన్ని గళ్లున్నాయో కంపైలర్‌కు తెలియదు కదా? అందుకే ఆ సంఖ్య ఏ వేరియబుల్‌లో ఉందో కోడ్‌లోనే చెప్పే 'కౌంటెడ్ బై' గుర్తును జోడిస్తున్నారు. జీసీసీ 15 కంపైలర్‌లో ఈ సదుపాయం ఉంది. దీంతో ప్రోగ్రామ్ నడుస్తుండగానే హద్దు చెక్ చేయొచ్చు. అయితే ఆ వేరియబుల్‌లో సరైన సంఖ్య ఉంచాల్సిన బాధ్యత మాత్రం ప్రోగ్రామర్‌దే.