జీపునకు రెండవ బ్యాటరీ



రైతు యింట రెండు విధములగు గింజలుండును. ఒకటి తిండిగింజలు, రెండవది విత్తనపు గింజలు. ఎంతటి కఱవు వచ్చినను తెలివిగల గృహస్థు విత్తనపు గాదెపై చేయి వేయడు. మోటారుబండి బ్యాటరీ విషయమునను ఇదియే పద్ధతి. ఇంజనును మొదట త్రిప్పుటకు కావలసిన శక్తి విత్తనము వంటిది. దీపములకును, పంకాకును, శీతలపేటికకును వెచ్చించు శక్తి తిండి వంటిది. రెంటిని ఒకే గాదెలో పోసి రాత్రియెల్ల తోడుకొన్నచో తెల్లవాఱునప్పటికి విత్తనము మిగులదు.

పట్టణపు కారునకు ఈ చిక్కు అంతగా లేదు. బాట లేనిచోట తిరుగు జీపు సంగతి వేఱు. ఆస్ట్రేలియా నడిమి ఎడారులలో వందల మైళ్లు ప్రయాణము చేయువారు రాత్రి బండి నాపి, ఆహారము చెడకుండుటకై చిన్న శీతలపేటికను నడపుకొందురు. అందుచే అచ్చట రెండవ బ్యాటరీ సర్వసాధారణమైనది. మన పాడేరు, మారేడుమిల్లి మన్యములలోను కొండయూరికి పోయిన జీపు ఆ రాత్రి యచ్చటనే నిలుచుట కలదు. అర్ధరాత్రమున రోగి నెక్కించుకొని దిగవలసివచ్చినపుడు ఇంజను పలుకకున్న, ఆ నష్టమును రూపాయలలో లెక్కింపజాలము.

బ్యాటరీ యనగా సీసపు పలకలను గంధకామ్లము కలిసిన నీటిలో ముంచిన పెట్టె. 1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని కల్పించెను. ఒక్కొక్క గదికి ఇంచుమించు 2 వోల్టులు. అట్టి గదులు 6 వరుసగా కూర్చిన 12 వోల్టుల బ్యాటరీ యగును. ఇంజనును త్రిప్పుటకు కొద్ది సెకండ్లపాటు వందలకొలది ఆంపియర్లు కావలెను. కావున ఆ బ్యాటరీలో పలకలు పలుచనివి, సంఖ్యలో పెక్కు. వానిని పలుమాఱు అడుగంటువఱకు తోడినచో త్వరలోనే చెడును. నిదానముగా, చిరకాలము శక్తినిచ్చుటకు మందపు పలకల బ్యాటరీ వేఱుగా కలదు. దానిని అంగడిలో డీప్ సైకిల్ బ్యాటరీ యందురు. రెండవదిగా కొనదగినది అదియే.

100 ఆంపియర్ గంటల బ్యాటరీలో సగము మాత్రమే వాడుకొనుట మేలు. చిన్న శీతలపేటిక సగటున 2 ఆంపియర్లు తీసికొన్నదనుకొందము. అప్పుడు 50 ఆంపియర్ గంటలు 25 గంటలపాటు వచ్చును. వేసవిలో అంతకు తగ్గును.

ఇక రెండు బ్యాటరీలను ఊరక తీగతో కలిపినచో పెద్దగాదె యొకటి యగునే గాని రెండు గాదెలు కావు. రెండును కలిసియే వట్టిపోవును! నడుమ వేఱుచేయు సాధనముండవలెను. గొలుసుకట్టు చెరువులను మీరెఱుగుదురు. పై చెరువు నిండి అలుగు పాఱినప్పుడే క్రింది చెరువునకు నీరు చేరును. అట్లే ఇంజను నడచుచు మొదటి బ్యాటరీ వోల్టేజి సుమారు 13.3 దాటినపుడు ఒక రిలే రెంటిని కలుపును. ఇంజను ఆగి 12.8 ప్రాంతమునకు దిగినపుడు విడదీయును. పూర్వము ఈ పనికి చేతితో త్రిప్పు స్విచ్చి నుంచెడివారు. అలసి నిద్రపోవు మనుష్యుని జ్ఞాపకశక్తిపై అంత భారము మోపుట నాకు సమ్మతము కాదు. ఇటీవలి బండ్లలో పెక్కింట ఆల్టర్నేటరు వోల్టేజిని కంప్యూటరు తన యిష్టము చొప్పున తగ్గించుచుండును. అట్టివాటికిని, లిథియం బ్యాటరీలకును రిలే చాలదు. డీసీ-డీసీ చార్జరు అను పరికరము పెట్టవలెను.

అందఱును పొదుపు చేయజూచునది తీగ. రెండవ బ్యాటరీ బండి వెనుక 5 మీటర్ల దూరమున నున్నచో విద్యుత్తు పోవుటకును వచ్చుటకును కలిసి 10 మీటర్ల దారి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో 25 ఆంపియర్లు పాఱినచో దారిలోనే 1 వోల్టునకు పైగా పోవును. ఆల్టర్నేటరు 14.2 ఇచ్చినను బ్యాటరీకి చేరునది 13 మాత్రమే; అది సరిగా నిండదు. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ యైనచో నష్టము 0.3 వోల్టు మించదు. తీగ రేకును తొలుచుకొని పోవుచోట రబ్బరు వలయము తొడుగవలెను. లేకున్న గతుకుల బాటలో రేకు అంచు తొడుగును కోసి, తీగ బండి శరీరమును తాకును. అప్పుడు మంట తప్పదు. ఇందులకే ఫ్యూజు. ఒక్క ఫ్యూజు చాలునని కొందఱు మేస్త్రీలందురు గాని అది పొరపాటు. తీగకు రెండు కొనలందును బ్యాటరీ యున్నది. ఏ ప్రక్కనుండియైనను శక్తి దూకవచ్చును. కావున ప్రతి బ్యాటరీ ధనధ్రువము చెంతనే ఒక్కొక్క ఫ్యూజు, తీగ భరించుదానికి మించనిది, ఉండవలెను.

సీసపు బ్యాటరీ 25, 30 కిలోల బరువుండును. పట్టీ కట్టి వదలరాదు. ఇనుప తట్టలో పెట్టి బోల్టులతో బిగింపవలెను. ఇంజను ప్రక్క వేడికి దాని ఆయుస్సు తగ్గును. మనుష్యులు కూర్చుండు చోట నుంచినచో మూసిన జాతి బ్యాటరీనే యెన్నుకొని, దాని గాలి వెలుపలికి పోవు దారి చేయవలెను. చార్జి అగునప్పుడు వెడలు హైడ్రోజను బీడీ నిప్పునకే ప్రేలగలదు.

పని మొదలిడునపుడు ముందుగా ఋణధ్రువపు తీగను విప్పి, చివర దానినే తగిలింపవలెను. ధనధ్రువమును మొదట విప్పబోయిన, చేతి పానా బండి శరీరమును తాకిన మాత్రమున నిప్పులు రాలును.

అంతయు బిగించిన పిమ్మట ఇంజను నడుపుచు రెండవ బ్యాటరీ వోల్టేజిని కొలువుడు. రిలే పెట్టిన బండిలో అది మొదటిదానికి సమీపముగా నుండవలెను. తరువాత ఇంజను నాపి, రెండవదానిపై దీపములు వెలిగించి, ఒక గంట గడచినపిదప మొదటిదానిని కొలువుడు. అది 12.6 ప్రాంతమున నిలిచియున్నచో పని సరిగా జరిగినట్లే. రెండవదానితోపాటు తానును దిగుచున్నచో నడుమ సాధనము విడదీయుట లేదు. అది బాగుపడు వఱకు ఆ జీపును కొండ యెక్కింపకుడు.