ఇద్దరు తల్లుల బిడ్డలు

వినాయక చవితినాడు గవర్నరుపేట వీధులలో పందిళ్ళ ముందు నిలిచి పూజ వినిన ప్రతి విద్యార్థి చెవిని ‘ద్వైమాతురుడు’ అను నామము పడియే యుండును. అష్టోత్తర శతనామములలో అది యొకటి. అమరకోశమును వల్లించిన వారు వినాయకుని పర్యాయపదములలోను దానిని చదివియుందురు. ఇద్దరు తల్లులు గలవాడని యర్థము. ఆయన సోదరుడైన కుమారస్వామి షాణ్మాతురుడు. ఆరుగురు కృత్తికలు పాలిచ్చి పెంచిన బిడ్డ. ఈ పదములు తద్ధిత ప్రత్యయమునకు ఉదాహరణములుగా పనికివచ్చునే గాని శిశు మనస్తత్త్వమును గూర్చి సాక్ష్యము కానేరవు. అయినను, ఒక బిడ్డకు ఇద్దరు తల్లులనగానే ఉలికిపడువారు పూజలో తాము ప్రతి యేట వినుచున్న మాటను ఒక్కసారి తలచుకొనుట మంచిది.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందునకు ఒక హెబియస్ కార్పస్ పిటిషను వచ్చినది. విజయవాడలో కలిసి జీవించుచున్న ఇద్దరు యువతులలో ఒకరిని తండ్రి నిర్బంధించినాడని రెండవ యామె ఫిర్యాదు. వయస్సు వచ్చిన స్త్రీకి తాను కోరిన వారితో నివసించు హక్కు గలదనియు, కన్నవారు అందుకు అడ్డు రారాదనియు ధర్మాసనము చెప్పినది. ఇట్టి వార్త వెలువడినపుడెల్ల పెద్దల నోట వచ్చు ప్రశ్న యొక్కటే: “రేపు పిల్లల గతి యేమి?” కులాంతర వివాహములు చేసికొన్న వారును ఈ ప్రశ్న విననివారు కారు. పాత ప్రశ్నయే కదా యని త్రోసివేయరాదు. బిడ్డ క్షేమమును కోరి అడిగినదైనచో దానికి సమాధానము చెప్పవలసినది పరిశోధన.

ఆ పరిశోధనకు నలువది యేండ్లకు మించిన చరిత్ర కలదు. స్వలింగ ప్రేమగల తల్లులు విడాకుల వ్యాజ్యములలో బిడ్డలను పోగొట్టుకొనుచుండిన కాలమున, 1983లో, సూసన్ గోలంబాక్, ఆన్ స్పెన్సర్, మైకేల్ రటర్ అను ఆంగ్ల పండితులు అట్టి తల్లుల కుటుంబములు 27, భర్త లేక ఒంటరిగా బిడ్డలను సాకుచున్న ఇతర తల్లుల కుటుంబములు 27 తీసికొని పోల్చి చూచిరి. ఈ పోలికలోని తెలివిని విద్యార్థులు గమనింపవలెను. రెండు పక్షములందును ఇంట తండ్రి లేడు; కావున పిల్లలలో భేదము కనబడినచో దానిని తండ్రి లేమికి అంటగట్టుటకు వీలులేదు. తీరా చూడగా మనోవికాసమునందు గాని, స్నేహములందు గాని, తాము ఆడపిల్లలమో మగపిల్లలమో అను ఎరుకయందు గాని చెప్పదగిన భేదము కానరాలేదు.

ఈ పిల్లలు పూర్వ వివాహములలో పుట్టి, కొంతకాలము తండ్రిచెంత పెరిగినవారే కదా యని ఆక్షేపణ వచ్చినది. న్యాయమైన ఆక్షేపణయే. 1986లో అమెరికాలో నానెట్ గార్‌ట్రెల్ ఆరంభించిన అధ్యయనము ఆ లోటును తీర్చినది. పుట్టుక నుండియు స్వలింగ ప్రేమగల తల్లుల ఇండ్లలో పెరిగిన పిల్లలను అది ఏండ్ల తరబడి వెంబడించినది. పదునేడేండ్ల ప్రాయమున 78 మందిని గూర్చిన ఫలితములు 2010లో వెలువడినవి. సాటి బాలబాలికలకంటె వీరు చదువు సంధ్యలలో మెరుగుగాను, దుడుకుతనమున తక్కువగాను ఉన్నట్లు అందులో తేలినది. అయితే అది తల్లులు చెప్పిన లెక్క! కాకిపిల్ల కాకికి ముద్దని తెలుగువాడు ఊరకే అనలేదు. ఇరువదియైదేండ్లు నిండిన పిదప 77 మంది తమను గూర్చి తామే చెప్పినపుడు మానసిక ఆరోగ్యమున ఇతర యువజనులతో సమానముగానే యున్నారని 2018లో తెలిసినది. ఎక్కువ కాదు, తక్కువ కాదు. నమ్మదగిన మాట ఇట్లే యుండును.

స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన కొలదిమందిని చూచి లోకమునకంతకు తీర్పు చెప్పవచ్చునా యను శంక మిగిలినది. నెదర్లాండ్సు దేశము స్వలింగ వివాహమును 2001లోనే అంగీకరించినది. అచ్చటి ప్రభుత్వ రికార్డులలో ప్రతి బిడ్డ చదువును నమోదై యుండును. వానినుండి 2,971 మంది ఇట్టి పిల్లలను పదిలక్షలకు పైబడిన ఇతర పిల్లలతో పోల్చిన వ్యాసము 2020లో వెలువడినది. ఈ పిల్లలు పరీక్షలలో కొంత ముందంజలోనే యుండిరి. ఈ జంటలు బిడ్డను పొందుటకే ఎంతో ధనము, ఓర్పు వెచ్చింపవలసి యుండుటచే తరచు కలిగినవారై యుందురు; ఆ కలిమిని లెక్కలోనికి తీసికొనగా ఆధిక్యము తగ్గినది గాని పోలేదు.

2012లో మార్క్ రెగ్నెరస్ అను అమెరికా పండితుడు దీనికి విరుద్ధమైన ఫలితములను ప్రకటించెను. తల్లికో తండ్రికో ఎన్నడో ఒకప్పుడు స్వలింగ సంబంధము ఉండిన వారినెల్ల ఆయన ఒక్క గంపలో వేసెను. వారిలో పెక్కుమంది విచ్ఛిన్నమైన కాపురముల బిడ్డలు. బాల్యమంతయు ఇద్దరు తల్లుల చెంత గడపినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినంత మంది మాత్రమే. కాపురము విరిగిన దుఃఖమును ఆయన మరియొక పద్దున వ్రాసెనని తోటి శాస్త్రజ్ఞులు విమర్శించిరి.

ఉపాధ్యాయులకు ముఖ్యమైనది మరియొకటి కలదు. గార్‌ట్రెల్ అధ్యయనములోని పిల్లలను నెదర్లాండ్సులోని అట్టి పిల్లలతో 2008లో పోల్చిరి. తమ యింటి సంగతి డచ్చి పిల్లలు తోటివారితో దాపరికము లేక చెప్పుకొనగలిగిరి; ఎగతాళి తక్కువగా ఎదుర్కొనిరి; వారి ప్రవర్తనలో చిక్కులును తక్కువే. రెండు దేశములందును ఇంట స్వలింగ ప్రేమగల తల్లులే. భేదమంతయు ఇంటి గడప దాటిన తరువాతిది. దానిలో బడి భాగము చిన్నది కాదు.

మన దేశములో చిక్కు న్యాయశాస్త్రమునందే కలదు. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారము, రెండేండ్లు నిలకడగా సాగిన వైవాహిక జీవితము లేనిదే దంపతులుగా బిడ్డను దత్తు చేసికొనరాదు. హైదరాబాదు జంట ఒకటి ముందు నిలిచి నడిపిన వ్యాజ్యములో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ నిబంధన చెల్లదని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, న్యాయమూర్తి కౌల్ అభిప్రాయపడిరి. పెండ్లియైన స్త్రీపురుషులే బిడ్డకు స్థిరత్వము నీయగలరనుటకు ఆధారము చూపలేదని ప్రధాన న్యాయమూర్తి వ్రాసిరి. తక్కిన మువ్వురు అంగీకరింపలేదు. నిబంధన నిలిచినది. ఒంటరి స్త్రీ మాత్రము దత్తు చేసికొనవచ్చును. కావున ఒకే ఇంట ఇద్దరు పెంచినను చట్టము దృష్టిలో బిడ్డకు తల్లి యొక్కతెయే. ఆమె అకస్మాత్తుగా మరణించినచో రెండవ యామెకు బిడ్డపై హక్కు లేదు. రెండవ యామె మరణించినచో, వీలునామా వ్రాసియుంచిన తప్ప, ఆమె ఆస్తిలో బిడ్డకు భాగము లేదు.

ఒంటరి తల్లి తండ్రి పేరు చెప్పకయే బిడ్డకు జనన ధ్రువపత్రము పొందవచ్చునని 2015లోనే సుప్రీంకోర్టు తీర్పు కలదు. జూన్ మాసమున బడిలో చేర్పించుటకు వచ్చిన అట్టి తల్లి దరఖాస్తులో తన పేరు వ్రాసి, తండ్రి గడిని ఖాళీగా విడువవచ్చును. ప్రక్కన బిడ్డ చేయి పట్టుకొని నిలిచిన రెండవ యామె పేరు వ్రాయుటకు, ఆ కాగితమున చోటు దొరికినచో, ‘సంరక్షకులు’ అను గడి యొక్కటే.