వరదలో పశువు పోతే సాయం ఎంత? మూడు గేదెల వద్ద ఆగిపోయే లెక్క

న్యూఢిల్లీ: 2023 జులై 13న ఢిల్లీ వద్ద యమునా నది నీటిమట్టం 208.66 మీటర్లకు చేరింది. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డు చెరిగిపోయింది. తీరంలోని పల్లపు ప్రాంతాలు మునగడంతో మనుషులతో పాటు పశువులను కూడా ఒడ్డుకు చేర్చవలసి వచ్చింది. నోయిడాలో జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం కాపాడిన వాటిలో కోటి రూపాయల విలువ గలదని చెప్పిన ‘ప్రీతమ్’ అనే ఆంబోతు కూడా ఉంది. అది వరద పాలై ఉంటే యజమానికి దక్కేది ఆ కోటిలో అత్యల్ప భాగమే. ప్రభుత్వ సాయం పశువు జాతిని, వయసును చూస్తుంది తప్ప సంతలో పలికే ధరను కాదు.

ఈ సాయం రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి అందుతుంది. రాజధాని ప్రాంతంలో భాగమైన ఉత్తరప్రదేశ్, హరియాణా జిల్లాలకు వర్తించే ఈ నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్ర హోం శాఖ నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం ఆవు లేదా గేదె మరణిస్తే 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రె లేదా మేకకు 4,000 చెల్లిస్తారు. కోడికి 100 రూపాయలు. కుటుంబానికి 10,000 మించదు.

అసలు చిక్కు పరిమితిలో ఉంది. ఎన్ని పశువులు పోయినా ఒక కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువులకే సాయం వర్తిస్తుంది. అంటే గరిష్ఠంగా 1,12,500 రూపాయలు. మేలుజాతి ముర్రా గేదె ఒక్కదాని ధరే లక్ష దాటడం ఈ ప్రాంతంలో సాధారణం. పది గేదెలతో నగరానికి పాలు పోసే కుటుంబానికి ఆ మొత్తంతో మళ్లీ ఒక గేదె మాత్రమే వస్తుంది. నిబంధనల దృష్టిలో ఇది నష్టపరిహారం కాదు, తక్షణ ఉపశమనం. బాధితులకు మాత్రం ఈ తేడా చెక్కు చేతికొచ్చిన తరువాతే తెలుస్తుంది.

రుజువు మరో మెట్టు. పశువు మరణాన్ని రాష్ట్రం నియమించిన అధికారి ధ్రువీకరించాలి. కళేబరం ఉంటే పశువైద్యుడు పరీక్షించి నివేదిక ఇవ్వగలరు. ప్రవాహంలో కొట్టుకుపోయిన గేదెకు ఆ అవకాశమే ఉండదు. చెవికి వేసే 12 అంకెల గుర్తింపు ట్యాగు సంఖ్య ముందుగానే నమోదై ఉంటే, ఆ పశువు ఫలానా వారిదని చూపడానికి కనీసం ఒక ఆధారం మిగులుతుంది. ఢిల్లీ ప్రభుత్వం అప్పట్లో ముంపు బాధిత కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించింది. అది కుటుంబాన్ని లెక్కించి ఇచ్చినదే గాని పశువులను కాదు.

రాష్ట్రాలు తలచుకుంటే ఈ మొత్తాలను పెంచవచ్చు, అదనపు భారం వాటిదే. 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదల తరువాత ఆంధ్రప్రదేశ్ పాడి పశువుకు 50,000 రూపాయలు, ఎద్దుకు 40,000, దూడకు 25,000 ప్రకటించింది.

బతికి బయటపడిన పశువుల విషయంలో ప్రమాణాలు మరింత పొదుపుగా ఉన్నాయి. సహాయ శిబిరంలో మేత, నీరు, మందుల నిమిత్తం పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్నదానికి 45 రూపాయలు కేటాయిస్తారు. రోజుల తరబడి బురదలో నిలిచి పాలు తగ్గిన గేదెకు ఆ పట్టికలో గడి లేదు.