నల్ల మెహందీ: చర్మం మరచిపోని పాఠం

చాంద్ రాత్ వచ్చిందంటే మన ఇళ్లలో ఆడపిల్లల చేతులకు మెహందీ పండవలసిందే. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు బజారులన్నీ ఆ రాత్రి కోన్లతో నిండి ఉంటాయి. రుబ్బిన గోరింటాకు ఎర్రగా పండడానికి కొన్ని గంటలు పడుతుంది. గంటలోపే నల్లగా పండే మెహందీలో మాత్రం తరచుగా పారాఫినైలిన్‌డయమీన్ అనే రసాయనం కలుపుతారు. తలకు వేసుకునే అనేక రంగులలోనూ ఉండేది ఇదే.

"పోయిన పండుగకు పెట్టుకుంటే ఏమీ కాలేదు కదా" అని తల్లులు అంటుంటారు. ప్రమాదం ఆ మాటలోనే దాగి ఉన్నది.

చర్మం పైపొరలో కొమ్మల వంటి చేతులు చాచిన కాపలా కణాలుంటాయి. 1868లో బెర్లిన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ వీటిని తొలిసారి వర్ణించి, నరాలకు చెందినవిగా భావించాడు. నేడు అవి ఆయన పేరుతోనే ప్రసిద్ధం. రసాయనపు సూక్ష్మమైన అణువులు చర్మంలోనికి ఇంకి, అక్కడి ప్రోటీన్లకు అంటుకుంటాయి. ఈ కణాలు, లోపలి పొరలోని వాటి సాటి కణాలు ఆ పరాయి గుర్తును అందుకుని, ఉన్న చోటు విడిచి, శోషరస నాళాల గుండా బయలుదేరుతాయి. చేతి మీది మెహందీ అయితే గమ్యం ముఖ్యంగా చంకలోని శోషరస గ్రంథులు. చేతికి పుండైనప్పుడు బిళ్ళ కట్టేవి అవే. అక్కడ టి-కణాలకు ఆ గుర్తును చూపుతాయి. దానిని పోల్చుకున్న టి-కణాలు సుమారు 10 నుండి 15 రోజులలో వృద్ధి చెంది, శత్రువును జ్ఞాపకం పెట్టుకుంటాయి. గినీ పందుల చర్మానికి శోషరస మార్గాన్ని తెంచివేస్తే అలర్జీ ఏర్పడలేదని 1957లోనే పరిశోధకులు చూపారు.

కనుక మొదటిసారి ఏమీ కాకపోవడం క్షేమానికి సాక్ష్యం కాదు. శరీరం అప్పుడు పాఠం నేర్చుకుంటూ ఉండవచ్చు. మరల అదే రసాయనం తగిలితే ఒకటి రెండు రోజులలో దురద, వాపు, నీటి పొక్కులు బయటపడతాయి. ఈ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం నిలుస్తుంది. ఏళ్ల తరువాత తలకు రంగు వేసుకున్ననాడు ముఖము, కనురెప్పలు వాచిపోవచ్చు.

సోదరీమణులారా! ఆకు తెచ్చి ఇంట్లోనే రుబ్బండి, లేదా వట్టి గోరింటాకు పొడినే కలపండి. పొక్కులు వస్తే వెంటనే కడిగి, చర్మ వైద్యుని చూపించండి. వీపున పట్టీలు అంటించి 48 గంటల తరువాత, మరల ఒకటి రెండు రోజులకు పరిశీలించే పరీక్షతో కారణం తెలుస్తుంది. అలర్జీ ఉన్నట్లు తేలితే తలకు రంగు వేసేవారికి ఆ సంగతి ముందే చెప్పండి. పండుగ రంగు కొన్ని రోజులలో వెలిసిపోతుంది. ఈ అలర్జీ వెలిసిపోదు.