ఆకూవక్కలో రవంత పొగాకు – కడుపులో బిడ్డకు కొండంత చేటు

"మా ఇళ్ళలో ఆడవాళ్ళు సిగరెట్టు ముట్టరు, ఈ వ్యాసం మాకెందుకు?" అని పేజీ తిప్పేయబోతున్నారా? కాస్త ఆగండి.

ఆమధ్య పెద్దపంజాణి వైపు పల్లె నుంచి ఆరో నెల గర్భిణి ఒకామె అత్తగారిని వెంటబెట్టుకుని పరీక్షకు వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. కడుపు నెలలకు తగ్గట్టు పెరగలేదు. "పొగాకు అలవాటుందా అమ్మా?" అంటే లేదని తల ఊపింది. "ఆకూవక్క?" అన్నాను. "అందులో రవంత పొగాకు పెట్టుకుంటా సార్. లేకుంటే వాంతికొస్తాది" అంది మెల్లగా. అత్తగారు అందుకుని, "బిడ్డ సన్నంగా ఉంటే కాన్పు సులువు గదా సార్!" అంది.

ఇంతకంటే ప్రమాదకరమైన నమ్మకం లేదు. రెండున్నర కిలోలకు తగ్గి పుట్టిన బిడ్డకు ఒంట్లో వేడి నిలవదు, పాలు పీల్చే శక్తి చాలదు, జబ్బులు తొందరగా అంటుకుంటాయి. తల్లికి కాన్పు సులువు కావడం మాట అటుంచి, బిడ్డ బ్రతుకే కష్టమవుతుంది.

పొగాకు చేసే పనేమిటి? అందులోని నికొటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. మాయ ద్వారా బిడ్డకు అందే రక్తం తగ్గుతుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు త్రాగితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా తోడవుతుంది. ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. అసలే రక్తహీనతతో ఉన్న తల్లికి ఇది గోరుచుట్టుపై రోకటి పోటు. నెలలు నిండకుండా కాన్పు కావడం, మాయ ముందుగానే ఊడి రక్తస్రావం కావడం, బిడ్డ కడుపులోనే చనిపోవడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి.

నమిలితే ఫరవాలేదనుకోకండి. ముంబయిలో 1,217 మంది గర్భిణులపై జరిపిన పరిశీలన 2004లో వెలువడింది. నమిలే, పళ్ళకు రుద్దుకునే పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ తూగారు. కాన్పులు సగటున 6 రోజులు ముందే అయ్యాయి. ఇక శ్రీకాకుళం, విశాఖ తీరాన కొందరు స్త్రీలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని "అడ్డపొగ" త్రాగే అలవాటు వైద్యగ్రంథాలకే ఎక్కింది. వారు నోటి క్యాన్సర్ భయంతోపాటు బిడ్డ సంగతీ తలచుకోవాలి.

"ఇన్నాళ్ళూ వాడాను, ఇప్పుడు మానితే ఏం లాభం?" అనకండి. నెల తప్పిన మొదటి మూడు నాలుగు నెలల్లో మానేస్తే చాలావరకు చేటు తప్పుతుంది. ఆరో నెలలో మానినా మేలే; బిడ్డ బరువు ఎక్కువగా పెరిగేది చివరి మూడు నెలల్లోనే.

మానడం ఎలాగంటారా? సంచిలోని పొగాకు ముందు బయట పారెయ్యండి. మొదటి రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి ఉంటాయి. కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. నోరు లాగినప్పుడు ఆ కోరిక కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ సోంపో, లవంగమో నోట్లో వేసుకోండి, మజ్జిగ త్రాగండి, ఎవరితోనైనా మాట కలపండి. వాంతులకు పొగాకు మందు కాదు. డాక్టరును అడిగితే తగిన మందు ఇస్తారు. నికొటిన్ బిళ్ళలు మాత్రం సొంతంగా కొనుక్కోవద్దు. పొగాకు మానదలచినవారికి 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది.

అయ్యలూ, మీకూ ఒక మాట. గర్భిణి ఉన్న ఇంట్లో మీరు కాల్చే బీడీ పొగ ఆమె రక్తంలోకీ చేరుతుంది. వీధరుగు మీదికి వెళ్ళి కాల్చడం సగం మర్యాదే. మానడమే పూర్తి మర్యాద. అత్తలూ, కోడలు దాచుకుని నమిలితే తిట్టకండి. తిట్టు భయంతోనే మా దగ్గర కూడా నిజం చెప్పరు.

ఆ అమ్మాయి ఆ రోజే పొగాకు పొట్లం అత్తగారి చేతికిచ్చింది. ఇనుము మాత్రలు మింగింది, వేళకు తిన్నది. నెలలు నిండాక 2 కిలోల 600 గ్రాముల ఆడపిల్లను కన్నది. పొగాకు మానడం ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. కానీ ఆ పిల్లను ఎత్తుకుని అత్తగారు నా గదికి వచ్చినప్పుడు, ఆమె నోట్లో కూడా పొగాకు లేదు.